ఫజర్‌కు లేపేదెవరు?

సంఘం పెద్దలు నలుగురు ఒకచోట చేరితే తప్పక దొర్లే మాట ఒకటున్నది. జుమా నమాజుకు మసీదు చాలదు, ఫజర్‌కు ఒక సఫ్ అయినా నిండదు అని. కోనసీమలోనే కాదు, ముస్లిములున్న ప్రతిచోటా వినిపించే ఫిర్యాదే ఇది. కుర్రవాళ్ళ బద్ధకమే కారణమని పెద్దలంటారు. పొద్దుపోయే దాకా పనులు, ఆ పైన భోజనం, ఇక తెల్లారగట్ల లేవడమెట్లా అని కుర్రవాళ్ళంటారు. ఈ తగవు తీర్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే చరిత్రను కాస్త తిరగేస్తే ఒక సంగతి తేటపడుతుంది. తెల్లవారుజాము నిద్ర ఏ కాలంలోనైనా తియ్యనిదే. అందువల్లనే ఫజర్‌కు లేవడాన్ని మన పూర్వులు ఎవరి పట్టుదలకు వారిని వదిలిపెట్టలేదు. ఒకరినొకరు లేపుకునే ఏర్పాటు చేసుకున్నారు. ఆ ఏర్పాటు మదీనాలో ఎట్లా మొదలైందో, మన గోదావరి లంకల దాకా ఎట్లా వచ్చిందో, నేడు ఎక్కడ సడలిందో చూద్దాము.

మదీనాలో తొలి పిలుపు

క్రీ.శ. 622లో ప్రవక్త ముహమ్మద్ (స) మక్కా నుండి మదీనాకు తరలివెళ్ళారు. అక్కడ మసీదు కట్టిన తొలిరోజులలో నమాజుకు పిలిచే పద్ధతి ఏదీ లేదు. వేళను అంచనా వేసుకుని ఎవరికి వారే వచ్చేవారు. అందరినీ ఒక్కసారి పిలవడానికి కొమ్ము ఊదుదామని కొందరు, గంట కొడదామని కొందరు అన్నారు. అంతలో అబ్దుల్లాహ్ బిన్ జైద్ (రజి) అనే సహాబీకి కలలో అజాన్ మాటలు వినిపించాయి. ఆ మాటలను బిలాల్‌కు నేర్పమని ప్రవక్త (స) ఆయనకు చెప్పారు. బిలాల్ గొంతు దూరం వెళ్ళే గొంతు గనుక.

బిలాల్ (రజి) ఎవరు? హబ్షీ జాతివాడు, మక్కాలో బానిసగా హింసలు పడినవాడు, అబూబక్ర్ (రజి) కొని విడిపించినవాడు. ఊరినంతా లేపే గౌరవం అటువంటి మనిషికి దక్కింది. మసీదు చుట్టుపక్కల ఇళ్ళలో ఎత్తయినది బనూ నజ్జార్ వంశపు స్త్రీ ఒకామె ఇల్లు. బిలాల్ తెల్లవారకముందే వచ్చి ఆ ఇంటి కప్పుపై కూర్చుని తూర్పు వంక చూస్తూ ఉండేవారు. వెలుగురేఖ కనబడగానే లేచి అజాన్ ఇచ్చేవారు. అనగా ఊరు నిద్రపోతున్న వేళ ఒకడు మేలుకుని ఉన్నాడన్నమాట. నిద్రకంటె నమాజు మేలని చెప్పే మాట ఒక్క ఫజర్ అజాన్‌లోనే ఉండడం మనకు తెలిసినదే.

మదీనాలో ఇంకొక మౌజన్ కూడా ఉండేవారు. ఆయన ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి), అంధులు. రంజాను రోజులలో బిలాల్ ముందుగా, ఇంకా చీకటి ఉండగానే అజాన్ ఇచ్చేవారు. అది సహరీ తినేవారికి హెచ్చరిక. నిజమైన తెల్లవారుజాము అజాన్ ఇబ్న్ ఉమ్మె మక్తూమ్‌ది. చూపులేని మనిషికి తెల్లవారిందని ఎట్లా తెలుస్తుంది? చూసినవారు వచ్చి చెప్పేవారు, అప్పుడాయన గొంతెత్తేవారు. ఒకరి కన్ను, ఇంకొకరి గొంతు కలిసి ఊరిని లేపాయి.

నిద్రపోయిన రాత్రి, రాని మనిషి

ఈ ఏర్పాటు ఒక్కసారి తప్పింది కూడా. హిజ్రీ 7వ సంవత్సరంలో ఖైబర్ నుండి తిరిగివస్తూ రాత్రి ప్రయాణంలో అలసి, సైన్యం ఒకచోట దిగింది. ఫజర్‌కు అందరినీ లేపే బాధ్యత బిలాల్ తీసుకున్నారు. తూర్పుకు తిరిగి, ఒంటెకు ఆనుకుని కూర్చున్నారు. నిద్ర ఆయననూ వదలలేదు. ఎండ ఒంటికి తగిలాక అందరికంటె ముందు ప్రవక్తకే (స) మెలకువ వచ్చింది. దండన లేదు, తిట్టు లేదు. కాస్త ముందుకు సాగి, అందరితో కలిసి ఆ నమాజు చేశారు. నిద్రవల్ల తప్పినవాడు గుర్తొచ్చినప్పుడు చేసుకోవాలనే సూత్రం అప్పటిదే. కుర్రవాళ్ళను తెల్లారగట్ల కేకలతో లేపే పెద్దలు ఈ ఘట్టాన్ని ఒకసారి తలచుకోవాలి.

ఖలీఫా ఉమర్ (రజి) కాలపు సంగతి ఇంకొకటి. ఒకరోజు ఫజర్‌లో సులైమాన్ అనే అతను కనబడలేదు. ఉమర్ (రజి) బజారు వైపు వెళ్తూ అతని తల్లి షిఫా (రజి) ఎదురైతే, మీ అబ్బాయి రాలేదేమని అడిగారు. రాత్రంతా నమాజు చేస్తూ ఉండి, చివరకు నిద్ర ఆపుకోలేకపోయాడని ఆమె చెప్పింది. రాత్రంతా నిలబడడం కంటె తెల్లవారి జమాత్‌కు రావడమే తనకు ఇష్టమని ఉమర్ (రజి) అన్నారు. ఇక్కడ గమనించవలసినది ఆయన జవాబు ఒక్కటే కాదు. అంత పెద్ద రాజ్యాన్ని ఏలే మనిషికి సఫ్‌లో ఎవరు లేరో తెలిసింది. రానివాని క్షేమం అడగాలని తోచింది.

మన గోదావరి తీరాన

మన ప్రాంతంలో మసీదు అజాన్‌కు పాత సాక్ష్యం రాజమహేంద్రవరంలో ఉన్నది. అక్కడి మసీదు ద్వారంపై ఉన్న శాసనం హిజ్రీ 724, అనగా క్రీ.శ. 1324 నాటిది. సాలార్ ఉల్వీ అనే అధికారి దానిని కట్టించాడు. 1571-72 ప్రాంతంలో రాజమండ్రి గోల్కొండ కుతుబ్ షాహీల చేతికి వచ్చింది. ఆ తరువాత మొగలులు, నిజాం, ఫ్రెంచివారు, 1766 ఒప్పందంతో ఇంగ్లీషువారు వచ్చారు. దొరలు మారినా మసీదులో దీపం, వజూకు నీళ్ళు, అజాన్ ఆగకుండా ఉండడానికి మాన్యాలు ఉండేవి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమీషన్ ఏర్పడినప్పుడు, ఇటువంటి ధర్మ ఇనాములను సేవ జరిగినంత కాలమే అనే షరతుతో ఖాయపరచారు. ఊరిని లేపడం కూడా భూమి ఇచ్చి నిలబెట్టుకోదగిన పనేనని ఆనాటి వారి ఎరుక.

గడియారం లేని రోజులలో వేళ ఎట్లా తెలిసేది? తెల్లవారుజామున మొదట తూర్పున నిలువుగా ఒక పలుచని వెలుగు లేస్తుంది, కాసేపటికి మాయమవుతుంది. దీనిని సుబహ్ కాజిబ్, అనగా అబద్ధపు ఉదయం అంటారు. తరువాత దిగంతం వెంబడి అడ్డంగా పరచుకునే తెల్లని వెలుగే సుబహ్ సాదిఖ్, నిజమైన ఉదయం. ఫజర్ వేళ అక్కడి నుండి సూర్యోదయం దాకా. మన కోనసీమలో ఈ వ్యవధి రుతువును బట్టి 70 నిమిషాల నుండి 80 నిమిషాల పైచిలుకు వరకు ఉంటుంది. పాత లెక్కన 24 నిమిషాలు ఒక ఘడియ గనుక, మూడు ఘడియలు లేదా కాస్త పైన. పంచాంగం లెక్కలో అరుణోదయం సూర్యోదయానికి నాలుగు ఘడియల ముందు. రెండు లెక్కలూ దాదాపు ఒకే ఆకాశాన్ని చూసి పుట్టినవే.

వేగుచుక్కను నమ్ముకుంటే చాలదు. శుక్రుడు 584 రోజులకొక చుట్టు తిరుగుతూ కొన్ని నెలలు వేకువన, కొన్ని నెలలు సాయంత్రం కనబడతాడు. అందుకని పల్లెల్లో పిల్లలకోడి, సప్తర్షులు ఎక్కడికి వచ్చాయో చూసేవారు, తొలికోడి కూత వినేవారు. వానాకాలం మబ్బుల్లో ఇవేవీ పనిచేయవు. అప్పుడు ముందు లేచిన మనిషే పక్కింటి తలుపు తట్టాలి.

రంజాన్‌లో ఆ పని ఫకీర్లది. దఫ్ వాయిస్తూ, పాట పాడుతూ, వీధి వీధీ తిరిగి సహరీకి లేపేవారు. పండుగనాడు ఇంటింటా వారికి ముట్టేది ముట్టేది. రంజాను ప్రతి ఏడూ పది పదకొండు రోజులు వెనక్కు జరుగుతుంది గదా, 1998, 1999 డిసెంబరు నెలల్లో అది ధనుర్మాసంలోనే వచ్చింది. ఫకీరు దఫ్, హరిదాసు చిడతలు ఒకే తెల్లవారుజామున మోగే యోగం అటువంటి ఏడాదుల్లోనే. 2030 డిసెంబరులో మళ్ళీ వస్తుంది. తెల్లారగట్ల వీధిలో తిరిగి లోకాన్ని లేపేవాడు పుణ్యాత్ముడనే భావం ఈ నేలది, ఏ ఒక్క మతానిదీ కాదు.

గడియారం, మైకు, సెల్‌ఫోను

1906 జనవరి 1 నుండి దేశానికంతకూ ఒకే కాలమానం వచ్చింది. దానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం మన కాకినాడకు సమీపంగా పోతుంది. అమలాపురం దానికి అర డిగ్రీ పడమట ఉన్నది. కనుక మన చేతి గడియారానికీ మన సూర్యునికీ తేడా సగటున రెండు నిమిషాలే. హైదరాబాదు ఇంకా పడమట ఉన్నది, అక్కడ తెల్లవారడం మనకంటె సుమారు 14 నిమిషాలు ఆలస్యం. హైదరాబాదులో అచ్చయిన వేళల పట్టిక గోడకు తగిలించి కోనసీమలో సహరీ తింటే, ఉపవాసం వేళ దాటి తిన్నట్లే. ఈ చిన్న సంగతి ప్రతి ఇంట్లో తెలియాలి. మన దగ్గర ఫజర్ వేళ జూన్‌లో దాదాపు 4 గంటల 10 నిమిషాలకు, జనవరిలో 5 గంటల 15 నిమిషాల ప్రాంతంలో మొదలవుతుంది.

తరువాత మైకు వచ్చింది. 1936లో సింగపూరు సుల్తాన్ మసీదులో అజాన్‌కు లౌడ్‌స్పీకరు వాడారు. కరెంటుతో పాటు మన పల్లెలకూ అది చేరింది. మైకు మేలు చేసింది, కాదనలేము. కాని మైకు ఉన్నది గదా అని తలుపు తట్టే అలవాటు పోయింది. 1996 నవంబరు 6న తుపాను కోనసీమను ముంచెత్తినప్పుడు కొబ్బరిచెట్లు లక్షల్లో కూలాయి, స్తంభాలు పడిపోయి ఊళ్ళు చీకట్లో మునిగాయి. కరెంటు లేనిచోట మౌజన్ గొంతే మైకు. అజాన్‌కు తీగెతో పని లేదని ఆ రోజులు గుర్తుచేశాయి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకరు వాడకూడదు. 2005 జులైలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పింది. అజాన్ మతంలో భాగమే గాని మైకు కాదని 2020 మేలో అలహాబాదు హైకోర్టు అన్నది. ఏడాది పొడుగునా మన ఫజర్ వేళ ప్రవేశించేది 6 గంటల లోపే. దీనిపై కోపతాపాలకు పోవడం కంటె, మైకు లేని పదమూడు వందల ఏళ్ళు ముస్లిములు ఎట్లా లేచారో తలచుకోవడం మేలు.

ఇక సెల్‌ఫోను. అలారం మోగుతుంది, వేలు దానిని ఆపుతుంది. తలుపు తట్టిన మనిషిని అట్లా ఆపలేము. కోనసీమ నుండి కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు వెళ్ళి కష్టపడుతున్నవారు ఎందరో. మనకు సూర్యోదయం అయిన తరువాతనే కువైట్‌లో ఫజర్ మొదలవుతుంది. ఇక్కడ నమాజు ముగించిన తల్లి, అక్కడి కొడుక్కి ఒక్క ఫోను చేస్తే చాలు. అదే సెల్‌ఫోను తలుపు తట్టే చేయి అవుతుంది.

మనం చేయగలిగినది

లేవలేకపోవడం మన రక్తంలో ఉన్న జబ్బేమీ కాదు. దింపు కార్మికుడు, పాలవాడు, చేపల బండి తోలేవాడు చీకటితోనే లేస్తున్నారు. వారిని లేపేది పని, ఆ పని కోసం ఎదురుచూసే మనుషులు. ఇషా తరువాత కబుర్లు ప్రవక్తకు (స) ఇష్టం లేదని హదీసులలో ఉన్నది. రాత్రి త్వరగా పడుకోనివాడు తెల్లవారుజామున లేవలేడు, ఇది వైద్యుడు చెప్పనక్కరలేదు.

2020 మార్చి నుండి జూన్ వరకు మసీదులలో జమాత్‌లు ఆగిపోయినప్పుడు ప్రతి ఇల్లూ ఒక చిన్న మసీదు అయింది. ఆ రోజులలో ఇంటివారే ఇంటివారిని లేపారు. ఆ అలవాటును ఎందుకు వదులుకోవాలి? అందులోనూ ఒక మాట. రంజాన్‌లో ఇంటిల్లిపాదికంటె ముందు లేచేది ఆడవారే, చివర పడుకునేదీ వారే. వారిని లేపేవారు ఎవరూ ఉండరు. ఆ భారం వారంలో ఒకటి రెండు రోజులైనా మగవారు పంచుకుంటే అదీ పుణ్యమే.

మన సంఘానికి ఈ వ్యాసం ద్వారా ఒకే మనవి. మూడు నాలుగు ఇళ్ళు ఒక జట్టుగా చేరండి. ముందు మెలకువ వచ్చినవారు మిగతావారి తలుపు మెల్లగా తట్టండి. పక్కింటి పసిపిల్లలు, ముసలివారు, రోగులు ఉలిక్కిపడేటట్లు కాదు. రెండురోజులు కనబడని మనిషి ఇంటికి వెళ్ళండి, ఎందుకు రాలేదని నిలదీయడానికి కాదు, ఒంట్లో బాగున్నదా అని అడగడానికి. జ్వరమో, అప్పుల దిగులో, రాత్రి డ్యూటీయో అప్పుడే తెలుస్తుంది. సంక్షేమ సంఘం చేసే పని కూడా అదే గదా. ఫజర్ సఫ్‌లో ఖాళీ కనబడినప్పుడు అక్కడ ఉండవలసిన మనిషి గుర్తుకు వస్తే, సఫ్ దానంతటదే నిండుతుంది.

అల్లాహ్ మనందరికీ తెల్లవారుజామున లేచే శక్తిని, ఇతరులను ప్రేమతో లేపే మనసును ప్రసాదించుగాక! ఆమీన్.