భర్మారు మడమ మీది చిలుక

కూసో బిడ్డా, తొందరేమున్నది? ఆ ఫోను జేబుల పెట్టు. తుపాకి ముచ్చట చెప్పుమంటివి గద, చెప్త. గని సినిమాల చూసినట్టు వరుసపెట్టి పేలుతదని ఆశ పెట్టుకోకు. నేను చెప్పే తుపాకి ఒక్కసారి పేలిందంటే, మల్ల పేలెటందుకు సగం బీడీ కాలాలె. మందు, గుడ్డపేలిక, సీసం గుండు అన్నీ మూతికెల్లే కూరాలె. దాన్ని భర్మారు అంటుంటిమి.

ఇప్పుడు షామీర్‌పేట అంటే నీ కండ్ల ముంగట ఏముంటది? ఔటర్ రింగు రోడ్డు, నల్సార్ లా యూనివర్సిటీ, తుర్కపల్లి దిక్కు మందుల కంపెనీలు, ఐతారం నాడు చెరువు కట్ట పొంటి కార్లు. మేడ్చల్ అంటే ప్లాట్ల బోర్డులు. మా చిన్నతనంల రాజీవ్ రహదారి అన్న పేరే లేదు, కరీంనగర్ తొవ్వ అంటుంటిమి. మేడ్చల్‌కు చిన్న పట్టాల రైలు. టేషను దిగి ఊరు దాటినమంటే తంగేడు, తుమ్మ, సీతాఫలం పొదలు, గుట్టలు. జింకలకు కొదువ లేకుండె. ఇప్పుడు వాటికి షామీర్‌పేట కాడ కంచె కట్టి పార్కు పెట్టిండ్రు, టికెట్టు కొనుక్కోని చూడాలె.

జింకలతోని బాధ లేదు. బాధంత అడివి పందులతోనే. జొన్న కంకి పాలు పట్టిందంటే వాటికి ఎవరు చెప్తరో ఏమో, మంద మంద దిగుతుండె. పల్లికాయ చేనైతే ఇగ తెల్లారెసరికి దున్నిపెట్టినట్టే. మంచె మీద కావలి పండుకోవాలె. వడిసెల ఉంటుండె, డప్పు ఉంటుండె, గ్యాసునూనె డబ్బా ఉంటుండె. అన్నిటికీ పందులు అలవాటు పడుతయి. భర్మారు సప్పుడుకు మాత్రం అలవాటు పడవు. ఉత్త మందు కూరి మీదికి పేలిస్తే చాలు, నాలుగు దినాలు ఆ దిక్కు రావు. నిజం చెప్పాలంటే మా దిక్కు భర్మార్లు చంపిన పందులకన్న ఉరికిచ్చిన పందులే ఎక్కువ. సర్కారుకు సుత ఈ సంగతి ఎరికే. 1959ల చేసిన ఆయుధాల చట్టంల, పంట కాపాడుకునెటోనికి మూతికెల్లి మందు కూరే తుపాకి లైసెన్సు ఇయ్యాలె అని వేరంగ రాసిండ్రు.

సరే, తుపాకి ఎట్ల తయారైతదో కద నువ్వు అడిగింది. గొట్టం సంగతి తొందరగ చెప్పి దాటేస్త, నా పానమంత కట్టె మీదనే ఉంటది. పాత కాలపు గొట్టం చూస్తే, ఇనుప పట్టీని సలాక చుట్టు చుట్టి, కొలిమిల ఎర్రగ కాల్చి, సమ్మెటతోని అతికిచ్చింది. మంచి గొట్టాన్ని తుడిచి ఎండల పట్టుకుంటే ఆ చుట్లు మెలికలు మెలికలు కనపడుతయి. దానికి మెత్తటి ఇనుమే కావాలె. ఉక్కు గట్టిది గని పెళుసు, లోపల మందు అంటుకున్నప్పుడు పగిలితే పట్టుకున్నోని మొఖమే పోతది. ఉక్కు పనికొచ్చేది ఘోడాను గుంజే స్ప్రింగుకు.

ఉక్కు అంటే యాదికొచ్చింది. నిజామాబాద్ దిక్కు కోనసముద్రం అని ఊరున్నది. ఆడి కమ్మరోల్లు మూసల కరిగిచ్చిన ఉక్కు కోసం ఇరాను దేశపు వర్తకులు ఇంత దూరం వస్తుండ్రి. 1820ల తొలినాళ్లల్ల వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు పోయి కండ్లార చూసి రాసిపెట్టిండు. డమాస్కస్ కత్తులని లోకమంత పొగుడుతది, ఆ కత్తులకు ఉక్కు పోయింది మన తెలంగాణ కొలుములకెల్లి! మన పట్నంల గన్‌ఫౌండ్రీ బస్టాపు కాడ ఎన్నిసార్లు దిగినవో? అది ఉత్త పేరు గాదు. నిజాం అలీఖాన్ దగ్గర ఫ్రెంచి దొర రేమండ్ 1795 ప్రాంతంల ఆడ తోపులు పోసే కార్ఖానా పెట్టిండు, తోప్ కా సాంచా అంటుండ్రి. హిందువులకు ఆయన మూసారాం, ముస్లిములకు మూసారహీం. మూసారాంబాగ్ పేరు ఆయనదే. 1798ల సచ్చిపోయిండు. చూడు, కొలిమి కాడ కూసున్నోన్ని ఏడికో తీస్కపోతివి. మల్ల మనూరికి వద్దాం.

మనూర్లల్ల తుపాకి కొత్తగ పుట్టుడు తక్కువ, తిరిగి పుట్టుడు ఎక్కువ. గొట్టం మూడు తరాలు నిలుస్తది. కట్టె నిలువది. వానకు నానుతది, చెదలు పడుతది, కోపమొచ్చిన కొడుకు నేలకు కొడితే మెడ కాడ ఇరుగుతది. గప్పుడు తాతల కాలపు గొట్టం పట్టుకోని, కాయిదం చూపిచ్చి, పటేలు వడ్లాయన ఇంటికి వస్తుండె. మేడ్చల్ దిక్కుగని, లాల్‌గడి మలక్‌పేట దిక్కుగని, గట్లనే జరుగుతుండె.

వడ్లాయన ముందుగల్ల గొట్టం దిక్కు చూడకపోతుండె. వచ్చినాయన చెయ్యి చూస్తుండె. మోచెయ్యి మడత కాడికెల్లి చూపుడు ఏలు మొదటి గీత దాక దారం పట్టి కొలిచేది. ఆ దారానికి ముడేసి గోడ మొలకు తగిలిస్తుండె. మడమ భుజానికి ఆనినప్పుడు ఏలు మీటకు సరిగ్గ అందాలె కద, అందుకు ఆ కొలత. అంగీకి కొలతలు తీసుకోని దర్జీ ఉంటడేమో గని, కొలత లేకుండ తుపాకి కట్టె చెక్కిన వడ్లాయన ఉండడు.

కట్టె జిట్రేగి అయితే మేలు, లేకుంటే పాత టేకు. పచ్చి కట్టె పనికిరాదు. కొట్టంల అటక మీద ఏండ్లకేండ్లు ఎండిన దుంగ ఉండాలె. ఇగ అందుల పొర చూడాలె. మెడ కాడ పొర అడ్డం పోయిందంటే ఆడనే ఇరుగుతది, అందుకని వంపు ఉన్న తావునే పొర సుత వంపు తిరిగిన దుంగను ఎతుకుతరు. బాడిసతోని పైపైన చెక్కి, రందా పట్టి, తర్వాత సన్నపు ఉలితోని గొట్టం కూసునే గాడి తోడుతుండె. ఈడ జర నిలబడి చూడు. గొట్టం అడుగుకు దీపం మసి పూసి గాడిల పెట్టి తీస్తడు. ఏడ మసి అంటిందో ఆడ కట్టె ఎత్తున్నట్టు. అంతే గీకుతడు. మల్ల మసి, మల్ల పెట్టుడు, మల్ల గీకుడు. గాడి పొడుగూత ఒక్క తీరుగ మసి అంటేదాక ఇడువడు. పక్కన కూసున్న పటేలు బీడీ మీద బీడీ కాల్చి, “ఎవడు చూస్తడయ్యా లోపల, కానియ్యి” అంటుండె. వడ్లాయన ఇనపడనట్టే ఉంటుండె. నిదానమే ప్రధానం అని మనం నోటితోని అంటం, ఆయన చేతితోని అంటుండె.

పని పూర్తయితదా అంటే, అసలు పని అప్పుడు మొదలైతది. మడమ మీద చిలుక. మీటకు చుట్టూత తీగ, తీగకు మామిడి పిందెలు. ముందు బొగ్గుతోని గీసుకుంటడు. ఉలి దెబ్బ పొరకు ఎదురు పోతే పెచ్చు లేస్తది, చిలుక ముక్కు పోతది. అందుకని ముక్కును ఎప్పుడు పొర ఎంబడే చెక్కాలె, రెక్కకు వచ్చెసరికి ఉలి తిప్పాలె. చివరికి అవిసె నూనె అరచేతిల పోసుకోని రుద్దుడు. గుడ్డ గాదు, అరచెయ్యే. చెయ్యి వేడికి నూనె లోపలికి గుంజుకుంటదని ఆయన మాట. జిట్రేగి నల్లగ, లోపల ఎరుపు దాసుకోని మెరుస్తది.

తర్వాత అవుసలాయన కాడికి పోవాలె. మీట పక్కలకు, మడమ అడుగుకు ఇత్తడి పట్టీలు ఎక్కాలె కద. దాని మీద నగిషీ. ఇత్తడి రేకును పీట మీద లక్కల కూసోబెడ్తడు. లక్క వేడికి బెల్లం పాకం లెక్క సాగుతది, సల్లారితే రేకును కదలనియ్యది. దెబ్బ పడ్డ కాడ రేకు దిగుతది గని పగలది. పట్టెడు ఉలులు ముంగటేసుకోని, టిక్కు టిక్కుమని చిన్న సుత్తెతోని కొడుతుంటే తామర పువ్వు ఒక్కో రేకు ఇప్పుకుంటది. పని ఒడిసినంక కుంపటి మీద ఏడి చేసి రేకు ఊడదీస్తడు. ఆడపిల్లల కడియాలు చేసే చెయ్యే అది. తుపాకి మీద సుత కడియం మీదున్న పువ్వే దిగుతుండె.

ఇగ ఇది ఇను. మా మనుమరాలు అమెరికల ఉంటది, వర్జీనియల. విలియమ్స్‌బర్గ్ అని పాత ఊరును పాతగనే కాపాడుకుంటరట. ఆడ తుపాకి పనోల్ల కొట్టు ఉన్నది. వాలెస్ గస్లర్ అనే ఆయన ఇనుప ముద్దకెల్లి మొదలువెట్టి చేతి పనిముట్లతోనే తుపాకి మొత్తం తయారు చేస్తుంటే 1969ల సినిమా తీసిండ్రు. నాకు చూపిచ్చింది. అవి పెన్సిల్వేనియల జర్మనీ నుంచి వచ్చిన కమ్మరోల్లు మొదలుపెట్టిన తీరు తుపాకులు. మేపుల్ కట్టె, ఇత్తడి డబ్బీ మూత, దాని మీద నగిషీ. గొట్టం లోపల మెలిక గాళ్లు తోడుతరు, గుండు తిరుక్కుంట సక్కగ పోతది. మన భర్మారు లోపల నున్నగనే ఉంటది, అందుకే దూరం పోతే గుండు ఇష్టమున్న దిక్కు పోతది. ఆయన మడమ మీద తీగ చెక్కుతుంటే నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి బిడ్డా. అదే ఉలి తిప్పుడు, అదే ఊదుడు, అదే ఏలితోని తడుముడు. ఫరకు ఒక్కటే. ఆడ కమ్మరి, వడ్ల, అవుసల ఒక్కడే. ఈడ మూడిండ్లు తిరగాలె, మూడిండ్ల సాయ తాగాలె, మూడిండ్ల ముచ్చట్లు ఇనాలె. ఆ తుపాకి పటేల్ ఇంటికి చేరేసరికి ఊరందరికీ దాని మీద మాట చెప్పే హక్కు వస్తుండె.

పైసల సంగతి అడుగవేంది? నాగలికి, బండికి ఏడాది పొడుగూత చేసిన పనికి కల్లం కాడ మేర కొలుస్తరు, వడ్లో జొన్నలో. తుపాకి మేరల రాదు. దానికి వేరే ఇయ్యాలె. రూపాలు సుత రెండు తీర్లు ఉండె. నిజాం హాలీ సిక్కా, ఇంగ్లీషోని కల్దారు. ఏడు హాలీ రూపాలు ఆరు కల్దార్లకు సమానం. పోలీసు యాక్షన్ అయినంక సుత కొన్నేండ్లు హాలీ నడిచింది. బేరం కల్దార్లల్ల కుదిరి, ఇచ్చేటప్పుడు హాలీ లెక్కపెట్టే పటేండ్లు ఉండె! వడ్లాయన ఏమీ అనకపోతుండె. మడమ అడుగు పట్టీకి మొల ఒకటి తక్కువ కొట్టి ఊకుంటుండె. పదిహేను దినాలకు పట్టీ గలగల అంటే పటేలే తిరిగొస్తుండె, తక్కువైన పైసలు పట్టుకోని.

తుపాకి కొన్నోల్ల పిచ్చి చెప్తే పొద్దు చాలదు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. ఒకాయన మందు కూరిన గజం గొట్టంలనే మర్చిపోయి పేల్చిండు. పంది దాని తొవ్వన అది పోయింది. గజం పోయి చింతచెట్టు మొద్దుకు గుచ్చుకున్నది. ఎంత గుంజినా రాలే. ఆ చెట్టు కింద ఆడిన పిల్లలం దానికి సద్దిమూటలు తగిలిస్తుంటిమి.

ఇంకొకాయన ముచ్చట వేరే. తండ్రి ఆరడుగుల మనిషి, చేతులు పొడుగు. తుపాకి ఆ చేతులకు చేసింది. కొడుకు పొట్టి. మడమ రెండేళ్లంత కోస్తే సరిపోతుండె. వడ్లాయన రంపం పట్టుకోని వచ్చిండు సుత. కొడుకు కోయనియ్యలే. కోస్తే చిలుక తోక పోతది. ఆ తోక తండ్రి ఏలుతోని రుద్ది రుద్ది నున్నగ చేసింది. ఆ తీర్గనే మెడ సాపి, భుజం ఎనుకకేసి, బతికినన్ని దినాలు పేల్చిండు. ఒక్క పందికి తగలలే. ఎవరన్న నవ్వితే, “పందులు పోతున్నయి కద, తగిలితే ఎంత, తగలకుంటే ఎంత” అంటుండె. నేనైతే ఆయన దిక్కే.

తుపాకికి మర్యాదలు ఉండె. కాలు తగిలితే కండ్లకద్దుకునుడు. ఇంట్లకు వచ్చెటప్పుడు, మందు అంటుకునెటందుకు ఘోడా కింద పెట్టే టోపీ తీసి, మూతి మీదికి పెట్టి తెచ్చుడు. దాని మీదికెల్లి దాటనియ్యకపోతుండ్రి. దసరా నాడు కడిగి, బొట్టు పెట్టి, జమ్మి కాడ పెట్టుడు. గని అన్ని తుపాకులు పందుల మీదనే పేలలే, అది సుత నీకు తెల్వాలె. నల్లగొండ, వరంగల్ దిక్కు 1946 నుంచి 1951 దాక దొరల మీద, రజాకార్ల మీద జనం లేసినప్పుడు, వడిసెల్లతోని పాటు చేతిలకొచ్చింది ఈ భర్మార్లే. వాటి మీద చిలుకలు చెక్కెటంత తీరిక ఎవరికున్నది?

తర్వాత తర్వాత అంత తగ్గింది. 1972ల వన్యప్రాణుల చట్టం వచ్చింది. లైసెన్సు ఉన్నోల్లు ఓట్లొచ్చినప్పుడల్ల ఠాణాల జమ చేసి రసీదు తెచ్చుకోవాలె. లైసెన్సు లేకుండ చేసినా, పెట్టుకున్నా జైలే. అది మంచి కానూనే, దాని జోలికి పోకు. చేన్లే పోయినంక కావలేడిది? వడ్లాయన మనుమడు ఇప్పుడు విల్లాలకు తలుపులు చేస్తడు, మిషను మీద. అడిగితే ఆ తీగ చెయ్యితోని చెక్కి చూపిస్తడు, చెయ్యి పోలేదు. అవుసలాయన ఇంటోల్లు గుడి తలుపులకు ఇత్తడి తొడుగులు కొడుతరు, అదే లక్క, అవే ఉలులు.

నీకు కండ్లతోని చూడాలనుంటే సాలార్‌జంగ్ మ్యూజియం పో. ఆయుధాల గదిల పాత తుపాకులు ఉన్నయి. అందరు మూతి దిక్కు చూసి ముంగటికి పోతరు. నువ్వు వంగి గొట్టం కట్టెల కూసున్న గీత చూడు, ఎంటిక దూరుతదా చూడు. మడమ మీది పని ఏ పక్కకెల్లి మొదలైందో పట్టుకో, వచ్చి నాకు చెప్పాలె. శుక్రారం మాత్రం పోకు, ఆ రోజు మూసుంటది.