“బాయి” శబ్దార్థవిచారము

“బావి” యను పదము సంస్కృత “వాపీ” శబ్దభవమని పండితు లెఱుఁగుదురు. కరీంనగరము, ఆదిలాబాదు సీమలందు నిది “బాయి” యని వాడఁబడును. పాఠశాలలో బాలుఁ డట్లు వ్రాసినచో గ్రామ్యమని దిద్దుట యాచారము. అయితే “బాయి”కిఁ గల యర్థము లన్నియు “బావి”కిఁ గలవా యని విచారించినచో నీ దిద్దుబాటువలన నక్షరమే గాక యర్థమును బోవుచున్నదని తెలియును.

మొదటి యర్థము నీటినుయ్యి. రెండవది సేద్యపునేల. చెరువునీరు పాఱని మెట్టలలోఁ గాఁపునకు మోటబావియే యాధారము. నూయి, మోట, ఎడ్లకొట్టము, దానిక్రింది మడులు, అన్నిటికి నొక్కటే పేరు. “బాయికాడికి పోయిండు” అనఁగా నీటికిఁ బోయెనని కాదు. సేద్యపుఁబనికిఁ బోయెనని తాత్పర్యము. తోలుబొక్కెన పోయి విద్యుత్తు మోటారును, పిదప బోరును వచ్చినవి. పాతబావి పూడిన చోటఁ గూడ నా పలుకుబడి మాత్రము పూడలేదు.

మూడవ యర్థము బొగ్గుగని. 1871లో విలియం కింగు ఎల్లందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. ఆ దశకముననే ఆదిలాబాదు సీమలోని బెల్లంపల్లియందును, 1960 ప్రాంతమున కరీంనగరము సీమలోని గోదావరిఖనియందును గనులు వెలసెను. 2016 నాఁటి విభజనచే నీ యూళ్లు మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాలఁ జేరినవి. గోదావరిఖని యను పేరున “ఖని” యను తత్సమము కలదు. కాని యచ్చటి శ్రామికుని నాలుకపై నున్నది “బాయి”యే. సేద్యగాండ్రై వచ్చినవారు నేలను లోఁతుగాఁ ద్రవ్వి, కప్పీపైఁ ద్రాళ్లు నడపు పనిని జూచి, తమ యెఱిఁగిన పేరే పెట్టిరని యూహింపవచ్చును. ఏటవాలుగా లోనికిఁ బోవు “ఇంక్లైను”నకు నూతి పోలిక లేకున్నను నదియు “బాయి”యే యైనది. అనఁగా నర్థ మాకారమును విడిచి పనిని బట్టుకొన్నది. “బాయి దిగుట” రైతునకుఁ బూడిక తీయుట. కార్మికునకు నాఁటి వంతు పనిఁ బ్రారంభించుట. “అయ్య బాయికాడికి పోయిండు, కొడుకు బాయిలకు పోయిండు” అను వాక్యమున రెండు తరముల జీవనోపాధులు కలవు.

ఇట్టి యర్థపరిణామము భాషాంతరములందును గలదు. ఆంగ్లమున బొగ్గుగనికి “పిట్” అని వాడుక. దీని మూలము లాటినున నూతికిఁ బేరైన “పుతెయుస్”. ఆ మూలముననే పుట్టిన ఫ్రెంచి “ప్యుయి” నేఁటికిని నూతికిని, గనిలోని నిలువుదారికిని జెల్లును. ఆంగ్లమున “పిట్” గొయ్యియై, గనియై, నరకమై, కోడిపందెపు బరియై, నాటకశాలలోని క్రిందిభాగమై, తుద కిరువురను బోరికి నిలుపుట యను క్రియయు నైనది. పండులోని టెంకకు అమెరికాలోఁ జెప్పు “పిట్” మాత్రము డచ్చినుండి వచ్చిన వేఱు పదము. నిఘంటువులు రెంటిని వేఱుచేసి చూపును. అట్లే మహారాష్ట్ర సామీప్యముచే ఆదిలాబాదున స్త్రీల పేళ్ల చివర వినవచ్చు “బాయి”యు వేఱు పదమే. దానికి వాపితో సంబంధము లేదు.

1970వ దశకమునుండి ఉపరితలగనులు పెరిగినవి. వానియందుఁ జీఁకటిలోనికి దిగుట లేదు. జనులు వానిని “ఓపెన్‌కాస్టు” అనియే యందురు. భూగర్భగనులు మూఁతపడుకొలఁది మూడవ యర్థమును వాడువారును దఱుగుదురు. కావున నిఘంటుకర్తలు “బాయి”ని బ్రత్యేకారోపముగాఁ జేర్చి, మూడర్థములను నిర్దేశించుట యుచితము. “బావి”గా దిద్దినచో మిగులునది నీరు మాత్రమే; పొలమును గనియుఁ బోవును. “మా నాయిన బాయికి పోయిండు” అని బాలుఁడు వ్రాసినప్పుడు, దిద్దుటకు ముందు “ఏ బాయికి?” అని యడుగుట పండితునకు మేలు.