స్టెప్నీ

శ్రీశైలం రోడ్డు మీద, కందుకూరు దాటాక టైరు పంక్చరైందంటే మొదట వచ్చే మాట: "స్టెప్నీ ఉందా?" నిజానికి అది వేల్స్‌ దేశంలోని లనెల్లి ఊళ్లో ఓ వీధి పేరు. తొలినాటి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. టైరు పోతే దారి పక్కన కూర్చుని అతుకు వేసుకోవడమే. 1904లో థామస్ మోరిస్ డేవిస్ చువ్వల్లేని ఉత్త రిమ్ముకు గాలి నింపిన టైరు తొడిగి, పంక్చరైన చక్రానికే ఆనించి బిగించే ఉపాయం కనిపెట్టాడు. ఆయన కొట్టు స్టెప్నీ వీధిలో ఉండేది, సరుకుకూ అదే పేరు పడింది.

ఇంగ్లీషువాళ్లు దాదాపు మరిచిన ఆ మాట మన మెకానిక్ షెడ్లలో బతికింది. బ్రెజిల్‌లో 'ఎస్తెపె' అయింది. పాతకార్ల ప్రియులు బానెట్ పక్కన నిలబెట్టిన స్టెప్నీకి మెరిసే కవరు తొడిగి మురిసిపోతారు. డిక్కీలో దాక్కునే నేటి స్టెప్నీకి ఆ దర్జా ఏదీ! మనవాళ్లు అదనపు మనిషిని కూడా వేళాకోళంగా స్టెప్నీ అనేస్తారు.