వీధిబడి: ఒకే అరుగు, అన్ని వయసులు

వీధిబడిలో తరగతి గదులు ఉండేవి కావు. ఎవరింటి అరుగో, గుడి మండపమో బడి అయ్యేది. పంతులు ఒక్కడే. ఐదేళ్ల పిల్లవాడు ఇసుకలో ఓనమాలు దిద్దుతుంటే పక్కనే పెద్దవాడు తాటాకు మీద పద్యం చదివేవాడు, మరొకడు ఎక్కాలు వల్లించేవాడు.

ఈ బడులకు చక్కని సాక్ష్యం బళ్లారి కలెక్టర్ ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో రాసిన నివేదిక. అప్పటి బళ్లారి జిల్లాలో 533 బడులు ఉండేవి. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. చదివేవారు 6,641 మంది, అంటే బడికి పన్నెండు పదమూడు మంది. వారిలో ఆడపిల్లలు 60 మందే. ఈ లోటును ఏ మెచ్చుకోలూ కప్పిపుచ్చలేదు.

పొద్దున్నే అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఆపైన పిల్లలను వారి శక్తినిబట్టి జట్లు చేసేవారు. కింది జట్లను కొంతవరకు పెద్దపిల్లలే చూసుకునేవారు, పై జట్టుకు పంతులు స్వయంగా చెబుతూ అందరిమీదా ఒక కన్ను వేసి ఉంచేవాడు. చిన్నవాడికి చెప్పేటప్పుడు పెద్దవాడి చదువూ గట్టిపడేది. క్యాంప్‌బెల్ మెచ్చుకున్నది దీన్నే. అర్థం తెలియకుండా పద్యాలు కంఠస్థం చేయించడాన్ని మాత్రం ఆయన తప్పుపట్టాడు. అదీ న్యాయమైన మాటే.

పెద్దపిల్లల చేత చిన్నవారికి చెప్పించే ఈ పద్ధతి అప్పటికే సముద్రం దాటింది. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలో ప్రవేశపెట్టాడు. పిల్లల చేత పిల్లలకు చెప్పించాడు. ఆ అనుభవాన్ని 1797లో లండన్‌లో అచ్చువేశాడు. ఇంగ్లండులో దానికి ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరు స్థిరపడింది.

సొంత గడ్డమీద మాత్రం అది నిలవలేదు. 1854 తర్వాత సర్కారు గ్రాంటు, ఇన్‌స్పెక్టరు తనిఖీ, తరగతివారీ పరీక్ష వచ్చాయి. వయసునుబట్టి తరగతి, తరగతికో పుస్తకం అన్నదే బడికి కొలత అయింది. ఒకే టీచరున్న పల్లెబడి ఆ కొలతకు ఎన్నడూ సరిపోలేదు.

చాలాకాలం తర్వాత మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ బడులు ఈ చిక్కుకు మరో దారి చూపాయి. అక్కడ పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడదీసి, మెట్లమెట్లుగా ‘నిచ్చెన’ కట్టారు. ఏ పిల్ల ఎక్కడ ఆగితే మళ్లీ అక్కడి నుంచే మొదలుపెడుతుంది. ఒక జట్టు టీచరు దగ్గర, ఒకటి తోటివారితో, ఒకటి సొంతంగా నేర్చుకుంటాయి. 2003లో చెన్నై నగరపాలక బడులు ఈ నమూనా మీదే తమ కార్డులు తయారుచేసుకున్నాయి.