‘సిస్టర్’ అన్న పిలుపు – ఒక కాలేజీ చరిత్ర



రోమా 16వ అధ్యాయం మొదట్లో పౌలు ఫీబేను సహోదరి అంటూ, ఆమెను చేర్చుకొని కావలసిన సహాయం చేయమని సంఘానికి రాశాడు. మనమూ ఆరాధనకు వచ్చిన ప్రతి స్త్రీనీ ‘సిస్టర్’ అంటాం. ఆ పిలుపుకు ఎంత బరువుందో ఒక చరిత్ర చెబుతుంది.

అమెరికా యూనివర్సిటీల్లో అమ్మాయిలు అక్కచెల్లెళ్ళలా కట్టుబడి ఉండే సంఘాలను సొరోరిటీలు అంటారు. లాటిన్‌లో ‘సొరోర్’ అంటే సహోదరి. మన వైపు ఆ పేరు వినబడదు గానీ, ఆ బంధం మీదే ఒక కాలేజీ నిలబడింది. అది మద్రాసులోని విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ.

అప్పట్లో మన నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. ఆడపిల్ల కాలేజీ మెట్లెక్కడం చాలా అరుదు. అలాంటి రోజుల్లో వేర్వేరు శాఖలకు చెందిన 12 మిషనరీ సొసైటీలు తమ భేదాలు పక్కనపెట్టి చేతులు కలిపాయి. 1915 జూలైలో 41 మంది విద్యార్థినులతో కాలేజీ మొదలైంది. ఎలినోర్ మెక్‌డూగల్ మొదటి ప్రిన్సిపాల్. 1920లో అమెరికాలోని మౌంట్ హోలియోక్ మహిళా కాలేజీ దీన్ని తన సిస్టర్ కాలేజీగా స్వీకరించింది.

కాలేజీ పెరగాలంటే డబ్బు కావాలి. ఇక్కడే లూసీ పీబాడీ గురించి చెప్పాలి. ఆమె 1881లో భర్త నార్మన్ వాటర్‌బరీతో మద్రాసు వచ్చి, తెలుగువారి మధ్య బాప్టిస్టు మిషనరీగా పనిచేసింది. 1886లో భర్త ఇక్కడే కన్నుమూశాడు. ఆమె పసిపిల్లలతో స్వదేశానికి వెళ్ళిపోయింది. తన భర్తను మట్టిచేసిన ఈ దేశాన్ని మాత్రం మరచిపోలేదు. 1920 తరువాత మద్రాసు కాలేజీ, వేలూరు మెడికల్ స్కూలుతో సహా ఆసియాలోని 7 మహిళా విద్యాసంస్థల కోసం చందాలు కూడగట్టింది. స్త్రీలు రెండు డాలర్లు తెస్తే తాము ఒకటి కలుపుతామని రాక్‌ఫెల్లర్ నిధివారు మాట ఇచ్చారు. ‘డాలర్ డే’ పెట్టి, ఒక్క డాలరైనా ఇమ్మని అడిగారు. 1923 నాటికి మొత్తం సుమారు 30 లక్షల డాలర్లు పోగయ్యాయి.

బీద విధవరాలి రెండు కాసులను లెక్కించిన ప్రభువు ఆ డాలర్లనూ లెక్కించి ఉంటాడు.

ప్రియులారా, మన సంగం చుట్టుపక్కల ఇంటర్ కాగానే పిల్లను మాన్పించి సంబంధాలు చూసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కారణం చాలాసార్లు ఫీజే. ముఖమైనా చూడని మన పిల్లల కోసం సముద్రం అవతలి తల్లులు చెయ్యి చాపారు. పక్క వీధి పిల్ల కోసం మనం ఏమి ఇస్తున్నాం? స్త్రీల సమాజం ఈ మాట ప్రార్థనలో పెట్టండి, కానుకలోనూ పెట్టండి. పిలిచి ఊరుకుంటే చాలదు, ఫీబేకు కావలసింది చేయమన్నాడు పౌలు.

దేవుడు మన కుమార్తెలను దీవించును గాక. ఆమేన్.