చికాగోలో ఒక విచారణ సంఘము

వలసవచ్చినవారికిని ముందుగా స్థిరపడినవారికిని నడుమ కలహము చెలరేగినపుడు ప్రభుత్వములు విచారణ సంఘమును నియమించుట పరిపాటి. సంఘము నివేదికను సమర్పించును. నివేదిక బీరువా చేరును. ఉద్యోగులమైన మనకీ క్రమము క్రొత్తది కాదు. 1919లో అమెరికాలోని చికాగో నగరమున ఏర్పడిన సంఘము గతియు తుదకు చాలవరకట్లే యైనను, అది పనిచేసిన తీరు మాత్రము స్మరింపదగియున్నది.

ఆ నగరమున ఇట్టి కృషికి అప్పటికే బాట పడియుండెను. జేన్ ఆడమ్స్ తన స్నేహితురాలితో కలిసి 1889లో స్థాపించిన హల్ హౌస్ అను సేవాగృహమున నివసించిన ఫ్లారెన్స్ కెల్లీ ప్రభృతులు, చుట్టుప్రక్కల వీథులలో ఏ యింట ఏ దేశస్థులున్నారో, వారి వారపు రాబడి యెంతయో రంగుల పటములపై గుర్తించి 1895లో ప్రకటించిరి. పిమ్మట చికాగో విశ్వవిద్యాలయపు విలియం థామస్, పోలెండు పండితుడు జ్నానియెట్‌స్కీతో కలిసి, వలసకుటుంబముల ఉత్తరములను ముఖ్యాధారముగ గొని 1918–20 నడుమ అయిదు సంపుటముల గ్రంథమును వెలువరించెను. సామాన్యుడు ఇంటికి వ్రాసికొన్న జాబు శాస్త్రమునకు ప్రమాణమగుట ఆనాటికొక వింతయే.

మొదటి ప్రపంచయుద్ధము ఐరోపా వలసలను అడ్డగించెను. పశువధశాలలకును ఉక్కు కర్మాగారములకును కూలీలు కావలసివచ్చిరి. దక్షిణ రాష్ట్రముల నల్లజాతివారు రైళ్ళెక్కి తరలివచ్చిరి. 1910లో సుమారు 44 వేలుగా నున్న వారి సంఖ్య 1920 నాటికి లక్షా తొమ్మిది వేలు దాటెను. పని దొరికినది గాని ఇల్లు దొరకలేదు. 1919 జూలై 27వ తేదీన మిచిగన్ సరస్సులో ఈదుచు తెల్లవారి స్నానఘట్టము వైపు కొట్టుకొనిపోయిన 17 ఏండ్ల నల్లజాతి బాలుడొకడు ఒడ్డునుండి విసరిన రాళ్ళ వలన మునిగి మరణించెను. పిదప చెలరేగిన అల్లర్లలో 38 మంది చనిపోయిరి. 23 మంది నల్లవారు, 15 మంది తెల్లవారు.

గవర్నరు ఫ్రాంక్ లోడెన్ ఆరుగురు తెల్లవారితోను ఆరుగురు నల్లవారితోను సంఘమును నియమించెను. పరిశోధన భారమును ప్రధానముగ వహించినవాడు చార్లెస్ జాన్సన్ అను నల్లజాతి యువకుడు. ఇతడు ఫ్రాన్సు యుద్ధరంగమునుండి అప్పుడే మరలివచ్చినవాడు. విశ్వవిద్యాలయమున రాబర్ట్ పార్క్ శిష్యుడు. వలసవచ్చిన నల్లవారికి పనియు వసతియు చూపుటకు పాటుపడుచుండిన అర్బన్ లీగ్ శాఖలో పరిశోధకుడు. ఆ శాఖకు తొలి అధ్యక్షుడు పార్కే. కావున పండితునికిని పేటకును నడుమ గోడ లేదు. పరిశోధకులు 274 కుటుంబముల గృహచరిత్రలను సేకరించిరి. పుకార్లెట్లు పుట్టెనో, పత్రికలు వాటినెట్లు పెంచెనో పరీక్షించిరి. 1917 జూలై మొదలు 1921 మార్చి వరకు ఇండ్లపై పడిన 58 బాంబులను లెక్కించిరి. ఈ బాంబుల లెక్కయే నా దృష్టిలో ఆ నివేదికకు ప్రాణము. అల్లరి ఒకనాటి ఆవేశము కాదనియు, ఇంటికై జరుగుచున్న పోరాటపు ఒక ఘట్టమనియు అందువలన తేలుచున్నది.

59 సిఫారసులతో కూడిన ఆ గ్రంథము 1922లో విశ్వవిద్యాలయ ముద్రణాలయమునుండియే వెలువడెను. అప్పటికి లోడెన్ పదవి ముగిసెను. సిఫారసులలో పెక్కు కాగితముమీదనే నిలిచినవి.

అంతకంటె చింతింపదగినది వేరొకటి కలదు. 1930, 40 దశాబ్దములలో తెల్లవారి గృహయజమానులు తమ ఇండ్లను నల్లవారికి అమ్మరాదని ఒడంబడికలు వ్రాసికొనిరి. వాటిని కాపాడు పొరుగు సంఘములకు ఆ విశ్వవిద్యాలయమే ధనసహాయ మొనర్చెను. ఇదియు పౌరులతోడి సహకారమే. ఏ పౌరులతో అనునదే ప్రశ్న. అదే కాలమున డ్రేక్, కేటన్ అను నల్లజాతి పండితులు ఆ విద్యాపీఠపు పద్ధతులతోనే ఆ పేటను పరిశీలించి 1945లో మహాగ్రంథమును ప్రకటించిరి. అందులో ఆ ఒడంబడికల విమర్శయు చేరియున్నది. ఒకే ప్రాంగణమున ఒక చేయి ఇరుకు పేటల బాధను లెక్కించుచుండగా, మరొక చేయి ఆ ఇరుకును నిలుపుటకు డబ్బు చెల్లించుచుండెను.

1948లో సుప్రీం కోర్టు అట్టి ఒడంబడికలను న్యాయస్థానములు అమలుపరుపరాదని తీర్పు చెప్పెను. జాన్సన్ అప్పటికి టెనెసీ రాష్ట్రములోని ఫిస్క్ విశ్వవిద్యాలయమునకు తొలి నల్లజాతి అధ్యక్షుడై యుండెను.