హోటల్, లాడ్జిలో గ్యాస్ హీటర్, గీజర్ పెడుతున్నారా? వాసన రాని ఈ గ్యాస్‌తోనే అసలు ముప్పు!

2020 జనవరి.. నేపాల్‌లోని దమన్. కేరళ నుంచి వెళ్లిన టూరిస్టుల బృందం ఓ రిసార్ట్‌లో దిగింది. ఎముకలు కొరికే చలి. గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని, తలుపులు, కిటికీలు బిగించుకుని పడుకున్నారు. తెల్లారేసరికి ఒకే గదిలో ఉన్న 8 మంది స్పృహ లేకుండా కనిపించారు. ఒక్కరూ బతకలేదు. వారిలో నలుగురు పిల్లలు. హీటర్ కారణంగానే ఊపిరాడక చనిపోయి ఉంటారని అప్పట్లో అధికారులు చెప్పారు.

పేలుడు లేదు, మంటలు లేవు. గ్యాస్ ప్రమాదం అనగానే అందరికీ లీకేజీయే గుర్తొస్తుంది. లీకైతే కనీసం ముక్కు పట్టేస్తుంది. ఎందుకంటే ఎల్పీజీలో కావాలనే ఘాటైన వాసన వచ్చే మెర్కాప్టాన్ కలుపుతారు. కానీ సరిపడా గాలి లేకుండా గ్యాస్ మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. గాలిలో 0.16 శాతం ఉంటే చాలు.. 20 నిమిషాల్లో తలనొప్పి, వికారం మొదలవుతాయి. గంటలో ప్రాణం పోవచ్చు.

ఒక కిలో గ్యాస్‌కు ఎంత గాలి?

ఒక కిలో ఎల్పీజీ పూర్తిగా మండాలంటే 12 నుంచి 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. నిమిషానికి 6 లీటర్ల వేడినీళ్లిచ్చే గీజర్ గంటపాటు నడిస్తే దాదాపు కిలో గ్యాస్ ఖర్చవుతుంది. మరి 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తున్న బాత్‌రూమ్‌లో ఉండే గాలి ఎంత? 8 ఘనపు మీటర్లే! అది మొత్తం అయిపోయేదాకా కూడా ఆగక్కర్లేదు. ఆక్సిజన్ కాస్త తగ్గగానే మంట చెడి కార్బన్ మోనాక్సైడ్ మొదలవుతుంది. అందుకే గీజర్ బాత్‌రూమ్ బయట, గాలి ఆడే చోట ఉండాలి. ఇంకో సంగతి. మార్కెట్లో దొరికే చిన్న గ్యాస్ గీజర్లకు ఐఎస్ 15558 ప్రమాణం ఉంది. దాని పేరులోనే 'డొమెస్టిక్' అని ఉంటుంది. అంటే ఇళ్ల కోసం అన్నమాట. 20 గదుల లాడ్జిలో రోజంతా నడపడానికి కాదు.

ఎగ్జాస్ట్ ఫ్యానే కొంప ముంచుతుందా?

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. గ్యాస్ బాయిలర్ పెట్టి, పక్కనే పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించేసి వెంటిలేషన్ అయిపోయిందనుకుంటారు. ఫ్యాన్ గాలిని బయటకు లాగుతుంది సరే.. ఆ లోటును పూడ్చే గాలి లోపలికి ఎక్కడి నుంచి రావాలి? తలుపులన్నీ మూసి ఉంటే బాయిలర్ పొగ గొట్టం నుంచే వస్తుంది. అంటే పైకి పోవాల్సిన పొగ వెనక్కి తిరిగి గదిలోకి దిగుతుంది. ఎంత గాలి లాగుతున్నారో అంత గాలి లోపలికి వచ్చేలా గోడకు కింది భాగంలో శాశ్వతంగా తెరిచి ఉండే జాలీ పెట్టాలి. దోమలొస్తున్నాయనో, ఏసీ చల్లదనం పోతోందనో దాన్ని అట్టముక్కతో మూసేస్తే అంతే సంగతులు.

పరీక్షించే పద్ధతి తేలికే. ముందు సబ్బు నీళ్లతో జాయింట్లన్నీ చూసి లీకేజీ లేదని తేల్చుకోవాలి. అగ్గిపుల్లతో మాత్రం చూడకూడదు. తర్వాత తలుపులు మూసి, భవనంలోని ఎగ్జాస్ట్ ఫ్యాన్లన్నీ ఆన్ చేసి, బాయిలర్ వెలిగించి కొన్ని నిమిషాలు ఆగాలి. పొగ గొట్టం మొదట్లో వెలిగించిన అగరబత్తి పెట్టాలి. పొగ లోపలికి లాక్కుంటే సరే. బయటకు తోసేస్తే వెంటనే ఆపేయాల్సిందే.

బాయిలర్‌ను పక్క షెడ్‌లో పెట్టేస్తే చాలా? గ్రీస్‌లోని కోర్ఫు దీవిలో 2006లో జరిగింది చూస్తే కాదనే చెప్పాలి. అక్కడి ఓ హోటల్‌లో బాయిలర్ ఉన్నది గదిలో కాదు, గదిని ఆనుకున్న షెడ్‌లో. అయినా గోడలో మూయకుండా వదిలేసిన పైపుల రంధ్రాల్లోంచి విషవాయువు గదిలోకి చేరి ఇద్దరు బ్రిటిష్ చిన్నారులు చనిపోయారు. ప్రమాదం వస్తే బాయిలర్‌ను ఆపాల్సిన సేఫ్టీ కటాఫ్ కూడా అప్పటికి పనిచేయడం లేదు.

సెల్లార్‌లో సిలిండర్లు వద్దు

ఎల్పీజీ గాలి కంటే బరువు. లీకైతే నేల మీద పాకుతూ డ్రైనేజీల్లో, సెల్లార్లలో పేరుకుంటుంది. పైపుల్లో వచ్చే పీఎన్‌జీ తేలిక, సీలింగ్‌కు చేరుతుంది. కాబట్టి ఎల్పీజీ డిటెక్టర్ నేలకు దగ్గరగా, పీఎన్‌జీ డిటెక్టర్ పైకప్పు దగ్గర ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరే. దాన్ని మనిషి ఊపిరి తీసుకునే ఎత్తులో పెట్టినా పనిచేస్తుంది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని అమ్మేవాళ్లు చెబితే నమ్మొద్దు. ఇక 100 కిలోలకు మించి ఎల్పీజీ నిల్వ చేయాలంటే పెసో లైసెన్స్ తప్పనిసరి. 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు ఐదుంటే 95 కిలోలు. ఆరోది దించారంటే లెక్క దాటినట్టే.

ఎల్పీజీ నుంచి పీఎన్‌జీకి, లేదా అటు నుంచి ఇటు మారేటప్పుడు బర్నర్ జెట్లు కూడా మార్చాలి. పీఎన్‌జీ జెట్‌లో ఎల్పీజీ వదిలితే గ్యాస్ ఎక్కువైపోయి మంట పసుపు రంగులోకి తిరుగుతుంది, మసి పడుతుంది. నీలం మంట పోయి పసుపు కనిపించిందంటే మెకానిక్ వచ్చేదాకా ఆ బర్నర్ ఆపి ఉంచాలి.